సగం బావి

ఫిబ్రవరి 4

తమ్ముడికి,

ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు చదివే జైలు గుమాస్తాగారికి ముందుగా నమస్కారం. అయ్యా, ఇందులో రంపాలూ తాళ్లూ ఏమీ దాచలేదు. మా మిల్లు రంపం రెండు మంచాల పొడవు ఉంటుంది, కవర్లో పట్టదు. చదివేసి తొందరగా వాడి చేతిలో పడెయ్యండి. పోయినసారి నా ఉత్తరం మీ బల్ల మీదే పన్నెండు రోజులు నిద్రపోయింది.

ఇక నీ సంగతి. పిడుగూ, ఇల్లు దొరికిందిరా. మిల్లు రోడ్డు దాటి కిలోమీటరున్నర వెళ్తే ఎడమచేతి వైపు రెండిళ్లు పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో చెక్క కంచె. అందులో మొదటిది. రెండు గదులు, వెనక వంటిల్లు, రేకుల కప్పు. నేల కాస్త వాలింది. గోళీ వదిలితే ముందు గదిలోంచి వంటింట్లోకి దానంతట అదే వెళ్లిపోతుంది. నీ మేనకోడలు దానికే మురిసిపోయింది.

ఇంత డబ్బు దీనికెక్కడిదని అనుకుంటావు. ప్రభుత్వం పూచీ పడే అప్పు ఒకటి ఉంది. పల్లెల్లో తాముండడానికి ఇల్లు కొనుక్కునే చిన్న జీతగాళ్లకి బ్యాంకు ఇస్తుంది, మనం కట్టలేకపోతే ప్రభుత్వం చూసుకుంటుంది. ముందుగా చేతినుంచి ఏమీ పెట్టక్కర్లేదు. లోను ఆఫీసులో గోడకి మ్యాపు తగిలించారు. మిల్లు రోడ్డుకి అవతలంతా పల్లె, ఇవతలంతా పట్నం. ఆ ఇల్లు రోడ్డుకి ఇవతల కట్టి ఉంటే మనకి అప్పు పుట్టేది కాదు. ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, కొని చూడమని పెద్దవాళ్లెవరూ అనలేదు. కొనడంలో ఉన్న తిప్పలు తెలిస్తే అదీ అనేవాళ్లు.

అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. ఆ ఇంటికి కుళాయి లేదు. బావి ఉంది, అదీ సగమే. కంచె సరిగ్గా బావి నడినెత్తి మీదుగా పోతుంది. సగం మనది, సగం పక్కింటి ముసలాయనది. ఈ ఇంటివాళ్లు నీళ్లు తోడుకోవచ్చని ఆయన సంతకం పెడితేనే అప్పు. గడువు మార్చి నెలాఖరు. ఆయన క్వారీలో రాళ్లు పేల్చే పని చేసి మానేశాడట, ఒంటరివాడు. మొన్న కంచె దగ్గర నిలబడి మర్యాదగా పిలిచాను. వెనక్కి తిరిగి చూడలేదు. వచ్చే వారం మళ్లీ వెళ్తాను.

ఇంట్లో ఎవరెవరు ఉంటారో ఫారంలో రాయమన్నారు. ఇద్దరమని రాశాను, నేనూ పిల్లా. దాని తండ్రి ఎటు పోయాడో ఆఫీసరమ్మ అడగలేదు, నేనూ చెప్పలేదు.

వేళకి తిను. ఎవడి జోలికీ పోకు.

అక్క

ఫిబ్రవరి 15

అక్కకి,

నీ నమస్కారం చదివి గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు పుణ్యాన ఈసారి ఉత్తరం ఆరు రోజుల్లో నా చేతికొచ్చింది.

ఇక్కడ మామూలే. మొన్న నీళ్ల తొట్టి దగ్గర గొడవైంది. ఒకడు ఇంకొకడి బకెట్ తన్నాడు. ఆ రెండోవాడు వీణ్ని పడేసి చెవి కొరికి నేల మీద ఉమ్మాడు. పది మంది పోగయ్యారు, చెక్కలు లేచాయి, పళ్లు రాలాయి. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. చేతులు జేబుల్లో పెట్టుకుందామంటే ఈ బట్టలకి జేబులు లేవు, చంకల్లో పెట్టుకున్నాను. జైలరు నన్ను చూసి తలూపాడు. బుద్ధిగా ఉంటే శిక్షలో కొంత కోత పడుతుందంటారు. పడినప్పుడు చూద్దాం.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇద్దరమని రాశావు. ఇంకో ఏడాదికి నేను బయటికొస్తాను కదా, అప్పుడు ఎక్కడ పడుకోవాలి? మిల్లు ఫోర్‌మన్ నీ చెంప మీద కొట్టినప్పుడు వాడి రెండు మోచేతులూ ఇనప పట్టీతో విరగ్గొట్టిన మనిషి నీ ఇంట్లో మనిషి కాదా? నేను ఇక్కడున్నది ఎవరి కోసమో ఆ ఆఫీసరమ్మకి తెలియదు సరే, నీకూ తెలియదా?

సిగ్గుపడి రాయలేదేమో. పడితే పడు. ఆ మాట నాతో అను, చాలు.

ఆ ముసలాడి సంగతి రాయి. నీ పిలుపు విని వెనక్కి తిరగని వాడెవడో నాకూ తెలియాలి.

తమ్ముడు

ఫిబ్రవరి 26

తమ్ముడికి,

ముక్కు మీద కోపం నీకు అమ్మ దగ్గర్నుంచి వచ్చింది, మొండితనం నాన్న దగ్గర్నుంచి. నాకు ఇద్దరి నుంచీ నువ్వు వచ్చావు. ఇద్దరమని ఎందుకు రాశానో ఉత్తరంలో చెప్పేది కాదు. ఆ సంగతి కొన్నాళ్లు వదిలెయ్.

నేనిక్కడ మనుషుల్లో లేను. సోమవారం మిల్లులో దుంగ జారింది. రంపానికి దుంగలు అందించే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి మణికట్టు దాకా పోయింది. రంపం వెంటనే ఆగదు కదా, ఆ వేళ్లు పలకల మీద అలాగే ముందుకు సాగాయి. నేను పలకలు ఏరే చోట ఉన్నాను, నా ముందుకే వచ్చాయి. రక్తానికి రంపపు పొట్టు ముద్దలు కట్టింది. సాయంత్రం షిఫ్టుకి కొత్త పొట్టు చల్లి మళ్లీ నడిపారు. నేను రెండు రోజులు తిండి ముట్టలేదు.

బుధవారం మా గది యజమాని వచ్చాడు. మార్చి నెలాఖరుకి ఖాళీ చేస్తానని చెప్పినా వినకుండా, వేరేవాళ్లు ఎక్కువిస్తామన్నారని నా సామాను మెట్ల మీద నుంచి విసిరాడు. ఒక గిన్నె పిల్ల నుదుటికి తగిలింది. రెండు కుట్లు పడ్డాయి. నేను వాడి చొక్కా పట్టుకున్నాను, వాడు నన్ను గోడకేసి కొట్టాడు. ఇప్పుడు మిల్లు షెడ్డులో పడుకుంటున్నాం, మార్చి ఆఖరు దాకా ఉండనిస్తామన్నారు. ఆ తర్వాత ఆ ఇల్లైనా ఉండాలి, రోడ్డైనా ఉండాలి.

ఇక ఆ ముసలాడు. ఆరుసార్లు వెళ్లాను. కంచె దగ్గర నిలబడి అరిచీ అరిచీ గొంతు పోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఒకసారి నా వైపు చూసి కూడా మొహం తిప్పుకుని లోపలికి పోయి తలుపేసుకున్నాడు. నిన్న ఏం చేశాడో చెప్తాను. పిల్ల బావి గట్టు మీద కూర్చుని లోపలికి తొంగి చూస్తోంది. వాడు వెనకనుంచి వచ్చి దాన్ని జుట్టు పట్టుకుని లాగి, బురదలోకి విసిరి పారేశాడు. దాని కుట్లు విడిపోయి మళ్లీ రక్తం కారింది. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు, జంతువులా ఏదో అరిచి చెయ్యి ఊపి పొమ్మన్నాడు. ఆడపిల్లని, పన్నెండేళ్ల దాన్ని!

వాడి చేతులు పడిపోవాలి. వాడు బతికుండగా మనకి ఆ ఇల్లు రాదు.

అక్క

మార్చి 9

అక్కకి,

చదివాను. పిల్ల నుదురు ఎలా ఉంది?

నువ్వు ఇంక ఆ కంచె దగ్గరికి వెళ్లకు. ఎవరితోనూ గొడవ పెట్టుకోకు. గది యజమానితో కూడా. నెలాఖరు దాకా ఓపిక పట్టు. సంతకం దానంతట అదే వస్తుంది.

ఇంట్లో పేరు లేకపోయినా ఫర్వాలేదు. నేను దేనికీ పనికిరాని వాణ్ని కాదని నీకే తెలుస్తుంది.

ఇక్కడ అంతా ప్రశాంతంగా ఉంది. రోజూ తోట పని ఇస్తున్నారు. చేతులు బాగా గట్టిపడ్డాయి.

తమ్ముడు

మార్చి 19

పిడుగుకి,

గుమాస్తాగారూ, ఈ ఒక్క ఉత్తరం దయచేసి ఆలస్యం చెయ్యకండి. మంచి వార్త నిలవ ఉంటే చెడిపోతుంది.

గొడవ పెట్టుకోకని నువ్వు నాకు చెప్పడం! ఆ వాక్యం చదివి ఎంత నవ్వానో, తర్వాత ఎంత ఏడ్చానో. జైలు నిన్ను చెడగొడుతుందని భయపడ్డాను గానీ, మా తమ్ముడు పెద్దవాడయ్యాడు. కానీ నీ ఉత్తరం వచ్చేలోపే నేను నీ మాట తప్పేశాను.

పిల్లని బురదలో పడేశాడని రాశానా? ఆ ఉత్తరం డబ్బాలో వేసిన మర్నాడు మిల్లు నుంచి సరాసరి వాడింటికి వెళ్లాను. దుంగలు లాగే కొక్కెం చేతిలోనే ఉంది. ఆరోజు నా మనసులో ఏముందో దాచను. ఆయన బావి దగ్గర నాకు వీపు పెట్టి వంగి ఉన్నాడు. రెండు అడుగుల దూరంలో నిలబడి, ఆడది నోటితో అనకూడని మాటలన్నీ అన్నాను. కదల్లేదు. కొక్కెం ఎత్తాను. నా నీడ ఆయన చేతుల మీద పడింది, అప్పుడు ఉలిక్కిపడి తిరిగాడు. అప్పటికి గాని నాకు వెలగలేదు తమ్ముడూ, ఆయనకి వినపడదు. ముప్పై ఏళ్లు మందుగుండు పక్కన నిలబడి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. మాట కూడా సరిగ్గా పలకదు. జనం నవ్వుతారని నోరు తెరవడు, ఎవరైనా కనబడితే లోపలికి పోతాడు.

నా చేతిలో కొక్కెం చూసి కూడా భయపడలేదు. నా మోచెయ్యి పట్టుకుని బావి గట్టు చూపించాడు. మన వైపు చెక్కల మీద గడ్డపారతో ఒక్కటి వేశాడు. చెక్క విరిగి లోపలికి పోయింది. ఎంతసేపటికో గాని నీళ్ల చప్పుడు రాలేదు. మొన్న పిల్ల కూర్చున్న చెక్క అదే. జుట్టు దొరికింది కాబట్టి జుట్టు పట్టుకుని లాగాడు. నేను ఆయన కాళ్ల మీద పడ్డాను.

ఇప్పుడు పిల్ల రోజూ ఆయన దగ్గరే. పలక మీద రాసుకుంటూ మాట్లాడుకుంటారు. తాత అని పిలుస్తుంది, ఆయనకి వినపడకపోయినా. ఒప్పందం కాగితం చదివి ఆయన నిన్ననే సంతకం పెట్టాడు. ఈ నెల 28న ఆఫీసరమ్మ ముందుకి వచ్చి నిజమేనని ఒప్పుకుంటే అయిపోయినట్టే. కుళ్లిన చెక్కలు పీకి కొత్తవి వేస్తున్నాడు.

ఇప్పుడు ఇంకో మాట. ఇద్దరమని రాశానని అలిగావు కదా. జైల్లో ఉన్న మనిషిని ఫారంలో రాయొచ్చో లేదో తెలియక అలా రాశాను. తర్వాత అడిగాను. విడుదల తేదీ చూపించి, వేరే కాగితం నింపాలన్నారు. కాదంటే నీకు లేని ఆశ పెట్టినట్టు అవుతుందని నోరు కుట్టేసుకున్నాను. నాలుగుసార్లు తిరిగాను. శుక్రవారం ముద్ర పడింది. మూడో పేరు నీది. ముందు గది నీది, కిటికీ రోడ్డు వైపు ఉంటుంది.

ఏడాది ఎంతలో తిరిగొస్తుంది. ఇలాగే బుద్ధిగా ఉండు.

అక్క

ఏప్రిల్ 3

అక్కకి,

అక్షరాలు ఇలా ఉన్నాయని అనుకోకు. ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి భుజానికి పదకొండు కుట్లు వేశారు. నీ కొక్కెం ఎముక దాకా దిగిందని డాక్టరు అన్నాడు. నీ మీద కోపం లేదు. నువ్వు అలా లాగకపోతే ఆయన చచ్చేవాడని అందరూ అంటున్నారు.

నాకు ఏడాది కోత పడింది. మార్చి 22న వదిలేశారు. నీకు చెప్పకుండా రావాలనుకున్నాను. సంతకం పెట్టిన కాగితం నీ చేతిలో పెట్టి, ఇప్పుడు రాయవే నా పేరు అందామనుకున్నాను. 24 సాయంత్రం దిగాను. మొదట గది యజమాని దగ్గరికి వెళ్లాను. వాడు ఊళ్లో లేడు, బతికిపోయాడు. అక్కణ్నుంచి ఆ ఇళ్ల దగ్గరికి వచ్చాను.

ముసలాడు బావి దగ్గర వంగి ఉన్నాడు. మర్యాదగానే పిలిచాను. మూడుసార్లు పిలిచాను. నువ్వు రాసినట్టే, తిరగలేదు. అప్పటికే నా చెవుల్లో రక్తం కొట్టుకుంటోంది. భుజం పట్టి లాగాను. తిరిగేసరికి వాడి చేతిలో గడ్డపార ఉంది. అది లాక్కున్నాను. ఆ తర్వాత మొహం మీద కొట్టాను. పడ్డాక కూడా కొట్టాను. సంతకం పెడతావా లేదా అని అడుగుతూ కొట్టాను. వాడు ఏదో అరుస్తుంటే వెక్కిరిస్తున్నాడనుకున్నాను. ఎవరో ఆడపిల్ల వచ్చి నా నడుము పట్టుకుని వేలాడింది, విదిలించేశాను. అది మన పిల్లని నాకు తెలియలేదు అక్కా. నేను లోపలికి వచ్చేటప్పటికి నా నడుము దాకా కూడా లేదు. "మామా, తాతకి వినపడదు" అంటోంది. మామా అంటుంటే కూడా నాకు బుర్రకెక్కలేదు. ఆ తర్వాత భుజంలో నీ కొక్కెం దిగింది.

ఆయనకి చెవుడని స్టేషన్‌లో చెప్పారు. నువ్వు ఎందుకు రాయలేదు? ఒక్క ముక్క రాసి ఉంటే చాలు కదా.

లాయరు ఒక దారి చెప్పాడు. ఆయనే ముందు గడ్డపార ఎత్తాడని చూసినవాళ్లు చెప్తే రెండేళ్లతో పోతుందట. చూసింది నువ్వూ పిల్లా. పిల్లని వదిలెయ్, నువ్వు ఒక్క మాట చెప్పు. నీ కోసం నేను ఇంతకుముందు అడక్కుండానే లోపలికి వచ్చాను. ఇప్పుడు అడుగుతున్నాను.

ములాఖత్‌కి ఎందుకు రాలేదు?

తమ్ముడు

మే 16

తమ్ముడికి,

గుమాస్తాగారికి ఈసారి ఏమీ రాయను. ఆయన తప్పేమీ లేదు.

ఎందుకు రాయలేదని అడిగావు. రాశాను. మార్చి 19న రాశాను. 26న అక్కడికి చేరింది. నువ్వు వెళ్లిపోయావని ముద్ర కొట్టి తిప్పి పంపారు. ఆ కవరు ఇందులోనే పెడుతున్నాను. ఇంకెవరూ విప్పలేదు, నువ్వే విప్పు. అది చదివాకే ఈ ఉత్తరంలో మిగిలింది చదువు.

చదివావు కదా.

ఆయన దవడ రెండు చోట్ల విరిగింది. తీగలతో కట్టారు. ఎడమ కన్ను తీసేశారు. పక్కటెముకలు నాలుగు. పిల్ల మణికట్టు విరిగింది, నువ్వు విదిలించినప్పుడు బావి గట్టుకి తగిలి. పది రోజులు నిద్రలో అరిచింది. నువ్వంటే భయమా అని అడిగాను. కాదంది. తను గట్టిగా పట్టుకోలేదని ఏడుస్తోంది.

కోర్టులో నేను నిజమే చెప్పాను. ఆయన గడ్డపార ఎత్తలేదని, చెక్కలు పీకుతున్నాడని, నువ్వు వెనకనుంచి వెళ్లావని, నేలమీద పడ్డాక నువ్వు ఆపలేదని చెప్పాను. నీకు ఏడేళ్లు పడ్డాయి, అందులో సగం నా నోటితో వేసినవే. నువ్వు నా కోసం లోపలికి వెళ్లావని ఒప్పుకుంటాను. కానీ ఆ మనిషి చెవులు పోయినవాడు, మాట పోయినవాడు, ఇప్పుడు కన్ను పోయినవాడు. ఆయన మీద అబద్ధం చెప్తే కాదనడానికి ఆయనకి నోరు కూడా లేదు. నేను చెప్పలేకపోయాను.

ఇంకోటి కూడా జరిగింది. నీ సంచిలో నా ఉత్తరాలు దొరికాయి. ఫిబ్రవరి 26 నాటిది కోర్టులో గట్టిగా చదివారు. వాడి చేతులు పడిపోవాలి, వాడు బతికుండగా మనకి ఇల్లు రాదు అని. అది చదువుతుంటే అందరూ నా వైపే చూశారు. నిన్ను నేనే పంపానా అని జడ్జి అడిగాడు. పంపలేదన్నాను. ఆయన నమ్మాడు. నేనే ఇంకా నమ్మలేకపోతున్నాను. అవేళ కోపంతో నేను రాసిందే నీకు దారి చూపించింది. అదే మనిషి వెనక, అదే చోట, నేనూ ఆయుధం ఎత్తి నిలబడ్డాను. నా నీడ ముందుకి పడింది కాబట్టి నేను ఇంట్లో ఉన్నాను, నువ్వు జైల్లో ఉన్నావు. నీకంటే నేనేమీ మంచిదాన్ని కాదు తమ్ముడూ.

ఇల్లు వచ్చింది. మార్చి 28న ఆయన కదలలేని స్థితిలో ఉన్నాడు. అప్పు పోయిందనే అనుకున్నాను, పోవాలనే అనుకున్నాను. 30న ఆయనే పలక మీద రాసి ఆఫీసరమ్మకి కబురు పెట్టించాడు. ఆమె కాగితాలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. మంచం పక్కన నేనూ, కట్టుతో పిల్లా ఉన్నాం. ఆయన ఒప్పందం మళ్లీ చదివాడు. ఒక్క కన్నుతో చదవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత పలక అడిగి, ఒక షరతు కలపమని రాశాడు. ఈ బావి నీళ్లు అమ్మాయి తాగొచ్చు, తల్లి తాగొచ్చు, ఆ మనిషి తాగకూడదు.

ఆఫీసరమ్మ నా మొహం చూసింది. ఇంట్లో ఉండే ముగ్గురిలో ఒకరికి నీళ్లు లేవంటే అప్పు కుదరదని, నీళ్లకి హక్కున్నవాళ్ల పేర్లే ఫారంలో ఉండాలని మెల్లగా చెప్పింది. కావాలంటే రెండు రోజులు ఆలోచించుకోమంది. పిల్ల నా వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగింది. నేను ఆలోచించలేదు. పెన్ను తీసుకుని నీ పేరు కొట్టేశాను. కొట్టేసిన చోట సంతకం చెయ్యమంటే చేశాను. ఆ తర్వాత ఆయన సంతకం పెట్టాడు. బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, అమ్మ పోయిన రోజు కూడా ఏడవనంత ఏడ్చాను.

కాగితాలన్నీ పూర్తయ్యేదాకా మిల్లు షెడ్డులోనే ఉండనిచ్చారు. పోయిన వారం మారాం. ముందు గదిలో పిల్ల పడుకుంటోంది. ఆయన ఇంటికొచ్చాడు. మెత్తగా వండి రెండు పూటలా నేనే తీసుకెళ్తున్నాను. నా చేత్తో పెడితే తింటాడు, నా మొహం మాత్రం చూడడు.

నీ భుజం ఎలా ఉంది? కుట్లు విప్పారా? చలికాలంలో అది సలుపుతుంది, బరువులు ఎత్తకు. ప్రతి నెలా ఉత్తరం రాస్తాను. ములాఖత్‌కి కూడా వస్తాను, నాకు కొంచెం టైము ఇవ్వు. ఏడేళ్ల తర్వాత నీకు ఎక్కడైనా ఒక గది చూసి పెడతాను, నా జీతంతోనే. నువ్వు నా తమ్ముడివి, అది ఎవరూ కొట్టెయ్యలేరు.

ఈ ఇంటికి మాత్రం రావద్దు.

అక్క